హోటల్ గదిలో ఉన్నది లాకరా, సేఫా?

చాలా ఏళ్ల క్రితం పనిమీద వేరే దేశం వెళ్లి ఒక హోటల్‌లో దిగాను. చేతిలో పాస్‌పోర్టు, కొంచెం డబ్బు ఉన్న కవరు. గదికి వెళ్లేముందే అడిగేస్తే ఓ పనైపోతుందని రిసెప్షన్‌లో ఉన్నమ్మాయిని "లాకర్ ఉందా?" అని ఇంగ్లిష్‌లో అడిగాను. ఉందండీ, లిఫ్ట్‌లో కిందికి దిగితే స్విమ్మింగ్ పూల్ పక్కనే వరసగా ఉంటాయి, టవల్ కూడా అక్కడే ఇస్తారు అని ఎంతో మర్యాదగా చెప్పింది. పాస్‌పోర్టుకి టవలెందుకో నాకు అర్థం కాలేదు. కవరు చూపించి, ఇది దాచుకోవడానికి అన్నాక, "ఓ, ద సేఫ్!" అని నవ్వేసి, గదిలో వార్డ్‌రోబ్ తలుపు తీస్తే కింది అరలో కనిపిస్తుందంది.

తర్వాత్తర్వాత అనువాదమే నా వృత్తయింది. హోటల్ గదుల్లో టేబుల్ మీద పెట్టే కార్డులు, వెబ్‌సైట్లలో సదుపాయాల జాబితాలు ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ మార్చే పని తరచూ వస్తుంటుంది, వచ్చినప్పుడల్లా ఈ మాట దగ్గర ఓ నిమిషం ఆగాల్సి వస్తుంది. లాకర్, సేఫ్, సేఫ్టీ లాకర్, సేఫ్ బాక్స్, సేఫ్ డిపాజిట్ బాక్స్, వాల్ట్... తాళం పడితే చాలు, పేరు ఏదైతేనేం అనిపిస్తుంది గానీ, వీటిలో కొన్నిటికి తేడా చెవికి వింతగా తగలడం వరకే, ఇంకొన్నిటికి తేడా మాత్రం వస్తువు పోతే ఎవరు ఎంత కట్టాలి అనేదాకా పోతుంది.

ముందు లాకర్ సంగతి. మనకు ఈ మాట ఎక్కడ అలవాటయ్యిందో తెలిసిందే. బీరువా తెరిస్తే లోపల ఇంకో చిన్న తలుపు, దానికి వేరే తాళం చెవి, దాన్ని లాకర్ అంటాం. బ్యాంకులో నగలు పెట్టుకునేదీ లాకరే. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల్లో కూడా సేఫ్ డిపాజిట్ లాకర్ అనే ఉంటుంది. కాబట్టి మన చెవికి లాకర్ అనగానే బంగారం, డాక్యుమెంట్లు, భద్రం అనే ఊహే వస్తుంది. ఇది తప్పు ఇంగ్లిష్ కాదు, భారతీయ ఇంగ్లిష్‌లో ఆ మాటకు స్థిరపడ్డ అర్థం అదే. చిక్కల్లా ఏంటంటే ఆ అర్థం మనతో పాటు విమానం ఎక్కదు.

బ్రిటిష్ వాళ్లకో అమెరికన్లకో లాకర్ అంటే మనసులో కనిపించే బొమ్మ వేరు. బడి వరండాలో, జిమ్‌లో, ఈత కొలను దగ్గర గోడ పొడుగునా నిలబెట్టిన సన్నటి రేకు అరలు, ఒక్కోదానికి ఒక్కో నంబరు. లోపల బూట్లు, బ్యాగు, తడిబట్టలు. అలాంటివి చాలా ఉండాలి, అందులో ఒకటి కాసేపు మీది కావాలి. అంతేగానీ గట్టిదనం ఆ మాటలో లేదు. నిజం చెప్పాలంటే తాళం కూడా ఉండాలని లేదు: విమానంలో తలపైన బ్యాగు పెట్టుకునే అరను అమెరికన్లు ఓవర్‌హెడ్ బిన్ అంటారు, బ్రిటిష్ వాళ్లు ఓవర్‌హెడ్ లాకర్ అంటారు. తాళమూ లేదు, చెవీ లేదు, పక్క సీటాయన తెరిచి మీ బ్యాగును అవతలికి తోసేయొచ్చు, అయినా అది లాకరే. పడవల్లో కూర్చునే బల్ల కింద తాళ్లూ లైఫ్ జాకెట్లూ పడేసే అర కూడా లాకరే. నావికుల యాసలో డేవీ జోన్స్ లాకర్ అంటే సముద్రం అడుగు, మునిగినవాళ్లు చేరే చోటు. అక్కడ పెట్టినవి భద్రమే అనుకోండి, తిరిగి తీసుకోవడమే కుదరదు.

ఇదంతా విని లాకర్ అనే మాటే వాడకూడదు అనుకుంటే అదీ పొరపాటే. ప్రయాణికులు దిగే, డార్మిటరీ పడకలుండే హాస్టళ్లలో మంచం కిందో గోడవారనో ఉండేవి అచ్చంగా లాకర్లే, అక్కడ సేఫ్ ఉందా అని అడిగితే మీరు రిసెప్షన్ వెనకున్న ఇనప్పెట్టె గురించి అడుగుతున్నారనుకుంటారు. అలాంటిచోట అడగాల్సిన అసలు ప్రశ్న ఇంకొకటి ఉంది, ప్యాడ్‌లాక్ వాళ్లిస్తారా, మనమే తెచ్చుకోవాలా అని. జాబితాలో లాకర్స్ అని మాత్రమే ఉంటే కప్ప తాళం మీదే అనుకుని బ్యాగులో ఒకటి వేసుకోవడం మంచిది.

ఇక సేఫ్. మన గదిలో వార్డ్‌రోబ్‌లో ఉండేది, గోడకో అరకో బోల్టులు బిగించి ఉండేది, నంబర్లు నొక్కితే కీచుమని తెరుచుకునేది, ఇదే. ఇంగ్లిష్‌లో దానికి ఒక్క మాట చాలు: సేఫ్. మరీ స్పష్టంగా కావాలంటే రూమ్ సేఫ్, సదుపాయాల జాబితాలో రాసేటప్పుడు ఇన్-రూమ్ సేఫ్. ల్యాప్‌టాప్ పట్టేంత పెద్దదైతే ల్యాప్‌టాప్ సేఫ్. బాక్స్ అక్కర్లేదు, లాకర్ అక్కర్లేదు, సేఫ్టీ అసలే అక్కర్లేదు.

ఇంత చిన్న మాట దగ్గర మనకెందుకు తడబాటు అంటే, సేఫ్ మనకు విశేషణంగానే పరిచయం. 'సేఫ్‌గా వెళ్లిరా', 'ఇక్కడ సేఫేనా' అని తెలుగులో కలిపేసుకున్నాం కూడా. అది ఒక వస్తువు పేరు అంటే నోరు తిరగదు, వెనక బాక్సో లాకరో తగిలిస్తే తప్ప మాట పూర్తయినట్టు ఉండదు. తమాషా ఏంటంటే ఈ నామవాచకం పుట్టినప్పుడు దాని రూపం 'సేవ్'. 15వ శతాబ్దం నాటి ఇంగ్లిష్‌లో తిండి పదార్థాలో విలువైన వస్తువులో దాచే పెట్టెను అలా పిలిచేవారు, తర్వాతెప్పుడో విశేషణం ప్రభావంతో అది సేఫ్ అయింది. తిండి దాచే అర్థం కూడా చాలాకాలం బతికింది, ఫ్రిజ్‌లు లేని రోజుల్లో ఈగలు వాలకుండా జల్లెడ తలుపులున్న చిన్న అల్మరాలో మాంసం పెట్టేవారు, దాని పేరు మీట్ సేఫ్. దొంగల కంటే ముందు ఈగలతోనే దానికి పోరాటం అన్నమాట. బహువచనం కూడా ఇక్కడే చూసుకోండి: నైఫ్‌కి నైవ్స్, లీఫ్‌కి లీవ్స్ అవుతాయి గానీ సేఫ్‌కి సేఫ్స్ అనే అనాలి. సేవ్స్ అంటే ఫుట్‌బాల్ గోల్‌కీపర్ ఆపిన బంతులవుతాయి.

నన్నడిగితే మాట ఎంచుకోవడం కన్నా కష్టం దాని ముందుండే బుల్లి 'ఎ'. తెలుగులో ఆర్టికల్స్ లేవు, ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు కంగారులో ఎగిరిపోయే మొదటివి అవే. మామూలుగా ఎగిరిపోయినా కొంప మునగదు, ఎదుటివాళ్లు సర్దుకుంటారు. సేఫ్ దగ్గర మాత్రం ఆ ఒక్క అక్షరమే నామవాచకాన్నీ విశేషణాన్నీ వేరు చేసేది. 'ఈజ్ దేర్ ఎ సేఫ్ ఇన్ ద రూమ్?' అంటే గదిలో ఇనప్పెట్టె ఉందా అని. 'ఈజ్ ద రూమ్ సేఫ్?' అంటే ఈ గదిలో ఉంటే నాకేమీ కాదు కదా అని. రెండో ప్రశ్న ఒంటరిగా దిగిన అతిథి రాత్రి పదకొండింటికి అడిగితే రిసెప్షన్ వాళ్లు పెట్టె గురించి ఆలోచించరు, సెక్యూరిటీ మనిషిని పైకి పంపిస్తారు. అలాగే 'మై పాస్‌పోర్ట్ ఈజ్ సేఫ్' అంటే పోలేదు, భద్రంగా ఉంది అని, 'మై పాస్‌పోర్ట్ ఈజ్ ఇన్ ద సేఫ్' అంటే పెట్టెలో ఉంది అని. మధ్యలో 'ఇన్ సేఫ్' అని మనవాళ్లు వాడేది ఈ రెండిటికీ చెందకుండా త్రిశంకు స్వర్గంలో వేలాడుతుంది.

నొక్కి పలకడంలో కూడా తేడా ఉంది. రూమ్ సేఫ్ అని జంట మాటగా అన్నప్పుడు బరువు రూమ్ మీద పడుతుంది, సేఫ్ కొంచెం తగ్గి పలుకుతుంది. రెండో మాట మీద బరువేస్తే వినేవాళ్లకు విశేషణంలా వినిపించే ప్రమాదం ఉంది. ఫోన్‌లో మరీను. అందుకే ఫోన్‌లో నేను ఎప్పుడూ 'ద సేఫ్ ఇన్ మై రూమ్' అని విడదీసే చెబుతాను, రెండు మాటలు ఎక్కువైనా పీడా పోతుంది.

మరి సేఫ్ బాక్స్ అని చాలా హోటళ్లే రాసుకుంటాయి కదా అంటారా? రాసుకుంటాయి. ఇంగ్లిష్ సొంత భాష కాని దేశాల్లో ఇది బాగా కనిపిస్తుంది, కారణం కూడా ఊహించుకోవచ్చు. స్పానిష్‌లో ఈ వస్తువును కాహా ఫుయెర్తె అంటారు, ఫ్రెంచ్‌లో కోఫ్ర్-ఫోర్, ఇటాలియన్‌లో కస్సాఫోర్తె. మూడిటికీ అర్థం గట్టి పెట్టె అనే. మనసులో పెట్టె ఉన్నవాళ్లు ఇంగ్లిష్‌లోకి వచ్చేటప్పుడు ఆ పెట్టెను కూడా మోసుకొస్తారు, మనం లాకర్ మోసుకెళ్లినట్టే. సేఫ్ బాక్స్ అంటే ఎవరికైనా అర్థమవుతుంది, మాటల్లో ఎవరైనా అంటే దిద్దాల్సిన పనిలేదు. అచ్చులో మాత్రం, ముఖ్యంగా డబ్బు తీసుకుని రాసే అచ్చులో, అది రాసినవారి ఇంగ్లిష్ కొంచెం అరువు ఇంగ్లిష్ అని చెప్పేస్తుంది. సేఫ్టీ లాకర్ ఇంకా దూరం, అది విన్న బయటివాళ్లకి హెల్మెట్లూ గ్లౌజులూ పెట్టే ఫ్యాక్టరీ అర గుర్తొచ్చినా ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు అసలు మెలిక, సేఫ్ డిపాజిట్ బాక్స్. సేఫ్టీ డిపాజిట్ బాక్స్ అని కూడా అంటారు, రెండూ చెల్లుతాయి, దానిమీద పోట్లాడుకోవడం అనవసరం. మన బ్యాంకు లాకర్‌కి సరైన బయటి మాట ఇదే. 1860ల్లో న్యూయార్క్‌లో డబ్బులు తీసుకుని జనానికి ఇలాంటి పెట్టెలు అద్దెకిచ్చే కంపెనీలు మొదలయ్యాయి, డిపాజిట్ అనే మాటలో ఉన్నది అదే: మీ వస్తువు తీసుకెళ్లి ఇంకొకరి దగ్గర ఉంచుతున్నారు. పాతకాలం పెద్ద హోటళ్లలో రిసెప్షన్ వెనక ఒక చిన్న గది, అందులో గోడంతా నంబర్లున్న చిన్న చిన్న ఇనప తలుపులు ఉండేవి. ఒక తాళం చెవి మీది, ఇంకోటి హోటల్‌ది, రెండూ పెట్టి తిప్పితేనే తలుపు తెరుచుకునేది. ఆ పద్ధతి ఇంకా కొన్నిచోట్ల ఉంది. అందుకని సేఫ్‌కీ దీనికీ తేడా సైజులోనూ ఇనుము మందంలోనూ వెతక్కండి, అది ఎవరి దగ్గర ఉంది అన్నదాంట్లో ఉంది. గదిలో సేఫ్‌లో పెట్టినది మీ దగ్గరే ఉన్నట్టు, కింద బాక్స్‌లో పెట్టినది హోటల్‌కి అప్పగించినట్టు.

చట్టాలు ఈ తేడాను చాలా సీరియస్‌గా తీసుకుంటాయి. బ్రిటన్‌లో 1956 నాటి హోటల్ ప్రొప్రైటర్స్ యాక్ట్ ప్రకారం అతిథి వస్తువు పోతే హోటల్ బాధ్యత ఒక్కో వస్తువుకి 50 పౌండ్లు, మొత్తం మీద 100 పౌండ్లు దాటదు, దానికోసం హోటల్ రిసెప్షన్ దగ్గర ఒక నోటీసు పెట్టాలి. పోవడానికి హోటల్ వాళ్ల తప్పో నిర్లక్ష్యమో కారణమైతే ఆ పరిమితి వర్తించదు. ఇంకో మినహాయింపు మనకు పనికొచ్చేది: వస్తువును భద్రపరచమని ప్రత్యేకంగా చెప్పి హోటల్ యజమానికి అప్పగించి ఉంటే కూడా ఆ పరిమితి వర్తించదు. చట్టంలో వాడిన మాట 'సేఫ్ కస్టడీ'. కస్టడీ అంటే సంరక్షణ, దానికి ముందు అప్పగింత ఉండాలి, మీ వార్డ్‌రోబ్‌లో మీరే నాలుగంకెలు నొక్కి మూసుకున్నదాన్ని అప్పగింత అని వాదించడం అంత తేలిక కాదు.

న్యూయార్క్ రాష్ట్రంలో ఇంకా రుచిగా ఉంటుంది. హోటల్ తన ఆఫీసులో సేఫ్ గానీ సేఫ్ డిపాజిట్ బాక్సులు గానీ ఏర్పాటు చేసి, ఆ సంగతి తెలియజేస్తూ నోటీసు పెడితే, నగలూ డబ్బు లాంటివాటి మీద దాని బాధ్యతకు చట్టం ఒక హద్దు గీస్తుంది, ఇప్పుడది 1,500 డాలర్లు. ఒక హోటల్‌లో అతిథులు సుమారు పది లక్షల డాలర్ల నగలు అలాంటి బాక్సుల్లో పెట్టారు, దొంగలు పట్టుకుపోయారు. హోటల్, చట్టం చెప్పిన హద్దు వరకే మేం ఇస్తాం అంది. తీరా చూస్తే ఆ బాక్సులున్న గది గోడలు ప్లాస్టర్‌బోర్డువి, తలుపులు లోపల బోలుగా ఉండే చెక్కవి, వాటికి మామూలు తాళాలు. కేసు న్యూయార్క్ కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ దాకా వెళ్లింది. 1983లో ఆ కోర్టు ముందు నిలబడ్డ ప్రశ్న అచ్చంగా మనదే: సేఫ్ అంటే ఏమిటి? పేరుకి పెట్టె ఉంటే సరిపోదు, దొంగతనం నుంచీ అగ్నిప్రమాదం నుంచీ ఊహించదగ్గ ఇతర ముప్పుల నుంచీ తగిన రక్షణ ఇచ్చేదై ఉండాలి, ఇది అలాంటిదేనా కాదా అన్నది విచారణలో తేలాలి అని కోర్టు చెప్పింది. పేరు పెట్టేసి చేతులు దులుపుకుందామనుకున్న హోటల్‌కి ఆ పేరే మెడకు చుట్టుకుంది.

ఇంత గొడవ ఉంది కాబట్టే, బుకింగ్ సైట్లలో సేఫ్టీ డిపాజిట్ బాక్స్ అని కనిపిస్తే నేను వెంటనే నమ్మను. కొందరు గదిలో ఉన్నదానికీ అదే రాస్తారు, కొందరు రిసెప్షన్‌లో ఉన్నదానికి రాస్తారు. వెళ్లేముందు ఒక్క ముక్క అడిగితే తేలిపోతుంది: 'ఇన్ ద రూమ్ ఆర్ ఎట్ ద ఫ్రంట్ డెస్క్?' అలాగని కౌంటర్ దగ్గర నిలబడి, మాట తొందరగా గుర్తురాక, 'డు యు హావ్ సేఫ్టీ డిపాజిట్?' అనేయకండి. చెక్-ఇన్ చేసేటప్పుడు కార్డు మీద పట్టి ఉంచే సొమ్ము పేరు సెక్యూరిటీ డిపాజిట్. మీరు నగ పెట్టే చోటు అడిగితే వాళ్లు మీ కార్డు అడుగుతారు.

మిగతా మాటలు త్వరగా కానిచ్చేద్దాం. వాల్ట్ అంటే మనిషి నడిచి లోపలికి వెళ్లగలిగే గది, బ్యాంకు నేలమాళిగ లాంటిది. వార్డ్‌రోబ్‌లో వాల్ట్ ఉందంటే వార్డ్‌రోబ్ ఎంతుందో చూడాలని ఉంటుంది. స్ట్రాంగ్‌రూమ్ కూడా అదే కోవ. స్ట్రాంగ్‌బాక్స్ అంటే కొంచెం పాతకాలం వాసన, గుర్రబ్బండి మీద తీసుకెళ్లే పెట్టెలా. లాక్‌బాక్స్ దగ్గర మాత్రం జాగ్రత్త: రోజుల లెక్కన అద్దెకిచ్చే అపార్ట్‌మెంట్లలో తలుపు బయట గోడకో రెయిలింగ్‌కో వేలాడదీసి, కోడ్ నొక్కితే ఇంటి తాళం చెవి బయటపడే చిన్న డబ్బా అది. బ్రిటిష్ వాళ్లు దాన్నే కీ సేఫ్ అంటారు. 'దేర్ ఈజ్ ఎ లాక్‌బాక్స్' అని ఓనర్ మెసేజ్ పెడితే అది మీ నగలకు కాదు, మీరు లోపలికి రావడానికి. చిన్న హోటళ్లలో టేబుల్ సొరుగుకే తాళం ఉంటుంది, దానికి ఏ గొప్ప పేరూ పెట్టకుండా లాకబుల్ డ్రాయర్ అనేస్తే నిజాయితీగా ఉంటుంది. గది ఖాళీ చేశాక సూట్‌కేసు సాయంత్రం దాకా ఉంచుకోమనడం వేరే విషయం, అది లగేజ్ స్టోరేజ్, బ్రిటిష్ బోర్డుల మీద లెఫ్ట్ లగేజ్. ఎడమవైపు లగేజ్ అనుకుని కుడివైపు కోసం వెతికిన పెద్దమనిషిని నేనెరుగుదును, పేరు చెప్పను.

సేఫ్ మొరాయించినప్పుడు వాడే మాటలు కూడా చూసుకుందాం, ఎందుకంటే ఆ ఫోన్ చేసేటప్పుడు మనిషి టెన్షన్‌లో ఉంటాడు, విమానానికి టైమవుతుంటుంది, అప్పుడు గ్రామర్ గుర్తురాదు. 'ద సేఫ్ ఇన్ మై రూమ్ వోంట్ ఓపెన్' అంటే చాలు, పూర్తి కథ అక్కర్లేదు. కోడ్ మర్చిపోతే 'ఐ హావ్ ఫర్‌గాటెన్ ద కోడ్'. కోడ్, పిన్ రెండూ సరే. కాంబినేషన్ అంటే గుండ్రటి డయల్ తిప్పే పాత రకానికి ఎక్కువ నప్పుతుంది. పాస్‌వర్డ్ అంటే వైఫైది అనుకుని అది చెప్పేస్తారు. వరసగా కొన్నిసార్లు తప్పు కోడ్ కొడితే చాలా సేఫ్‌లు తమంతట తామే కొద్ది నిమిషాలు పనిచేయడం మానేస్తాయి, అది పాడవడం కాదు, అలిగి కూర్చోవడం. బ్యాటరీలు అయిపోయినా తెరుచుకోదు. రెండు సందర్భాల్లోనూ హోటల్ వాళ్లు తమ పరికరమో మాస్టర్ కోడో అత్యవసర తాళం చెవో తెచ్చి తీస్తారు, ముందు మీరు మీరేనని రుజువు అడుగుతారు. ఆ రుజువు లోపలే ఉండిపోయి ఉంటుంది, అది వేరే సంగతి. ఏం చేసినా సరే 'మై రూమ్ ఈజ్ నాట్ సేఫ్' అని మాత్రం అనకండి, పైకి వచ్చేది బ్యాటరీల మనిషి కాకపోవచ్చు.

మొన్నామధ్య ఒక హోటల్ వాళ్లకి గదిలో పెట్టే కార్డు చేసిపెట్టాను, ఒకవైపు ఇంగ్లిష్, ఇంకోవైపు తెలుగు. ఇంగ్లిష్ వైపు ఇబ్బందే లేదు, విలువైన వస్తువులు వార్డ్‌రోబ్‌లో ఉన్న సేఫ్‌లో పెట్టుకోండి అని రాశాను, ముందు 'ద' కూడా మర్చిపోలేదు. కార్డు తిప్పాక మొదలైంది తంటా. తెలుగులో సేఫ్ అని రాస్తే, 'వస్తువులు సేఫ్‌లో పెట్టుకోండి' అన్నది ఏదో అచ్చుతప్పులా కనిపిస్తోంది. ఇనప్పెట్టె అని రాస్తే అసలైన తెలుగు మాటే గానీ, కార్డు చదివినాయన మంచం కింద వెతుకుతాడు. భద్రతా పేటిక అని కూడా రాసి చూసుకున్నాను, పది సెకన్లలో కొట్టేశాను, అందులో పాస్‌పోర్టు కాదు కిరీటం పెట్టాలనిపించింది. చివరికి లాకర్ అని రాశాను. హోటల్ మేనేజర్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, ఒకవైపు సేఫ్, ఇంకోవైపు లాకర్ ఉంది, పొరపాటు పడ్డారేమో చూడండి సార్ అన్నాడు. లేదండీ, రెండూ కరెక్టే, అలాగే ప్రింట్ చేయించేయండి అన్నాను.